తక్కువ కొటేషన్

మా బాబాయి లాప్‌టాప్‌ 2013లో కొన్నది. విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన ఏడాది అది. చేతికొచ్చిన డబ్బులో ఆయన తన సొంతానికి ఖర్చుపెట్టుకున్నది దానికొక్కదానికే. మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఇప్పుడు పొద్దున్నే స్విచ్ నొక్కి, పాలు కాచి, కాఫీ కలుపుకుని వచ్చి కూర్చున్నా తెర మీద ఆ చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి.

మా అక్కకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గరి సందులో, లాప్‌టాప్‌లు బాగుచేసే షాపుంది. పన్నెండేళ్ళుగా అదే పని. కిందటి ఆదివారం మల్కాజిగిరిలో బాబాయి ఇంట్లో భోజనాలయ్యాక ఆ లాప్‌టాప్ మీద ఇద్దరికీ వాదం పడింది. నేను మధ్యలో కూర్చుని విన్నాను. అక్కే గెలుస్తుందని అనుకుంటూ విన్నాను. రాయడానికి కూర్చున్నాక బాబాయి మాటే బరువుగా తోచిన చోట్లున్నాయి. వాటిని అలాగే ఉంచాను.

బాబాయి: కొత్తది మాత్రం కొననమ్మాయ్. ఇది చేసే పని నాకు చాలు. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే లేచి పరుగెడుతుందని పక్కింటి కుర్రాడు చెప్పాడు. ఆన్‌లైన్‌లో చూసి, అన్నిటికన్నా తక్కువ ధరది ఒకటి కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. అయితేనేం, డబ్బా మీద సెకనుకు 550 ఎంబీ అని ఉంది. పేరున్న కంపెనీల డబ్బా మీదా అదే అంకె. సరుకు ఒకటే అయినప్పుడు తక్కువ కొటేషన్ ఇచ్చినవాడికే ఆర్డరు. ముప్పై ఏళ్ళు మా శాఖలో చూసింది అదే.

అక్క: ఆ 550 డ్రైవ్‌ది కాదు బాబాయ్, అది వెళ్ళే దారిది. మీ లాప్‌టాప్‌లో ఉన్నది శాటా కనెక్షన్. అది సెకనుకు 6 గిగాబిట్లకు మించి మోయలేదు. పై ఖర్చులన్నీ పోగా చేతికి మిగిలేది ఆ 550 చిల్లర. అందుకే అందరి డబ్బా మీదా అదే కనిపిస్తుంది. అరంగుళం పైపుకు ఏ ట్యాంకు తగిలించినా కుళాయిలో పడే ధార ఒకటే కదా.

బాబాయి: నేను చెప్పేదీ అదే. కుళాయి ధార ఒకటే అయినప్పుడు ఖరీదైన ట్యాంకు ఎందుకు?

అక్క ఒక్క క్షణం ఆగింది. తన ఉపమానం తనకే అడ్డం తిరిగింది.

అక్క: ధార సంగతి పక్కన పెట్టండి, అసలు మీకు కావలసింది అది కాదు. మీ డిస్క్ నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది.

బాబాయి: సెకనుకు 90. చుట్టుకు 11 మిల్లీసెకన్లు.

అక్క: కావలసిన ముక్క చదివే ముల్లు కిందికి రావాలంటే సగటున సగం చుట్టు ఆగాలి, అంటే ఐదున్నర. ముల్లు ఆ గీత దగ్గరికి జరగడానికి ఇంకో పన్నెండు వేసుకోండి. ఒక్కో చిల్లర ముక్కకు పదిహేడు పద్దెనిమిది మిల్లీసెకన్లు. సెకనుకు అరవై ముక్కలు ఇవ్వడమే దానికి గగనం. విండోస్ లేచేటప్పుడు అడిగేవి అన్నీ చిల్లర ముక్కలే, వేలల్లో అడుగుతుంది. మీ కాఫీ చల్లారేది అక్కడే. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు. ముక్కకు మిల్లీసెకనులో పదో వంతు చాలు.

బాబాయి: అంటే ఎంత నాసిరకంది వేసినా నా డిస్క్ కన్నా వంద రెట్లు మేలు.

అక్క: మొదటి నెల, అవును.

బాబాయి: రెండో నెల ఏమవుతుంది?

ఇక్కడ అక్క సంచిలోంచి ఒక చచ్చిన డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది. ఆదివారం భోజనానికి వస్తూ చచ్చిన డ్రైవ్ వెంట తెచ్చుకునే మనిషి మా అక్క. ప్లాస్టిక్ పెట్టె, నాలుగు మూలలా కొక్కేలు. గోరుతో విప్పింది. అరచెయ్యంత పెట్టెలో మూడో వంతు కూడా నిండని చిన్న పచ్చ బోర్డు, దాని మీద రెండు నల్ల చిప్పులు. మిగతా అంతా ఖాళీ. పైన పటారం లోన లొటారం అనబోయాను. కానీ అక్క వెంటనే చెప్పింది, ఖాళీ ఉండటం తప్పు కాదని. మంచి కంపెనీ డ్రైవుల్లోనూ బోర్డు చిన్నదే. తప్పు ఆ చిప్పు మీద ఉందట. తయారు చేసినవాడి ముద్ర ఉండాల్సిన చోట ఏదో అతికించిన స్టిక్కరు.

అక్క: ఈ చిప్పులో కోట్ల కోట్ల గదులుంటాయి. ఒక్కో గదిలో కాస్త ఛార్జి బంధించి, చుట్టూ ఇన్సులేషన్ కడతారు. కరెంటు తీసేసినా ఛార్జి అందులోనే ఉంటుంది. చదివేటప్పుడు ఆ గది ఏ వోల్టేజి దగ్గర ఉందో కొలుస్తారు. 1980లలో జపాన్‌లో తోషిబాలో పనిచేసిన ఫుజియో మసుఒకా కనిపెట్టిన ఫ్లాష్ పద్ధతి ఇది. మొదట్లో గదికి ఒక బిట్. ఛార్జి ఉందా లేదా, అంతే.

బాబాయి: రెండే గీతలు. పొరపాటుకు చోటు లేదు.

అక్క: తర్వాత అదే గదిలో రెండు బిట్లు, ఆ తర్వాత మూడు, ఇప్పుడు నాలుగు. మూడు బిట్లయితే టీఎల్‌సీ అంటారు, నాలుగైతే క్యూఎల్‌సీ. మూడు బిట్లకు ఎన్ని గీతలు కావాలో మీరే చెప్పండి.

బాబాయి: ఎనిమిది. నాలుగు బిట్లకు పదహారు. మీటరు అదే, స్కేలు అదే, గీతలు మాత్రం పదహారు గీశాడు. అంటే గీతకూ గీతకూ మధ్య సందు సగమైపోయింది. ముల్లు కాస్త వణికినా పక్క గీత చదువుతాం.

అక్క: ముల్లు వణుకుతుంది బాబాయ్. రాసి చెరిపిన ప్రతిసారీ ఆ ఇన్సులేషన్ కొంచెం దెబ్బ తింటుంది.

బాబాయి: దెబ్బతింటే లీకేజీ. అది నాకు చెప్పాలా!

అక్క: అందుకే క్యూఎల్‌సీ గది తక్కువసార్లు రాతకు తట్టుకుంటుంది. రాయడమూ నెమ్మదే, పదహారు గీతల్లో సరైనదాని మీద ముల్లు నిలబెట్టాలి కాబట్టి. ఆ నెమ్మదితనం కనపడకుండా ఒక ఉపాయం చేస్తారు. ఖాళీగా ఉన్న గదుల్లో కొన్నిటిని మొదట ఒక్క బిట్ లెక్కన వాడి గబగబా రాసేసి, తీరిక దొరికినప్పుడు లోపల సర్దుకుంటారు. డబ్బా మీది రాత వేగం ఆ మొదటి ఊపుది. డ్రైవ్ సగానికి పైగా నిండాక, ఒక పెద్ద ఫోల్డర్ ఒక్కసారి కాపీ చేసి చూడండి. ఆ ఊపు అయిపోయాక హార్డ్ డిస్క్ కన్నా నెమ్మదిగా రాసే డ్రైవులు నా బల్ల మీదికి వచ్చాయి.

బాబాయి: నేను పెద్ద ఫోల్డర్లు కాపీ చేసేదెప్పుడు? పేపరు చదువుతా, పింఛను కాగితాలు తీస్తా, పాటలు వింటా. రోజుకు పది జీబీ రాస్తానా? రాస్తాననే అనుకో. నీ పేరున్న కంపెనీల్లోనే తక్కువ ధరది చూద్దాం, కింగ్‌స్టన్ ఏ400. 240 జీబీ డ్రైవ్‌కు 80 టెరాబైట్ల రాతకు హామీ అని వాళ్ళ కాగితంలోనే ఉంది. 80 వేల జీబీని పదితో భాగించు. 8 వేల రోజులు. దాదాపు 22 ఏళ్ళు. నాకు ఇప్పటికే 70 దాటాయమ్మా.

దీనికి అక్క దగ్గర జవాబు లేదు, ఉండదు కూడా. ఈ లెక్కలో బాబాయిదే న్యాయం. ఎస్‌ఎస్‌డీ రాసి రాసి అరిగిపోతుందన్న భయం చాలామందికి ఉంది. ఇంట్లో వాడుకునేవాడికి ఆ భయం అక్కరలేదు. 2013 నుంచి 2015 దాకా అమెరికాలో టెక్ రిపోర్ట్ అనే వెబ్‌సైట్ ఆరు మామూలు డ్రైవులను తీసుకుని, చచ్చేదాకా ఆపకుండా రాయించింది. ఆరూ 700 టెరాబైట్లు దాటాయి, ఒకటైతే 2,400 దాటింది. అయితే ఆ ఆరింటిలో ఎక్కువవి గదికి రెండు బిట్ల కాలం నాటివని అక్క గుర్తుచేసింది. అది కూడా నిజమే.

అక్క: అరిగి చచ్చినవి నేనూ పెద్దగా చూడలేదు. నా దగ్గరికి వచ్చేవి హఠాత్తుగా పోయినవి. పోయిన వేసవిలో ఒక పిల్ల వచ్చింది, ఎంబీఏ ప్రాజెక్టు రిపోర్టు అందులో ఉంది. డ్రైవ్ పేరు చెప్పను. కొని తొమ్మిది నెలలు. రాత్రి మామూలుగా మూసి పడుకుంది, పొద్దున తెరిస్తే డ్రైవ్ లేదంది. నేను పెట్టి చూస్తే దాని అసలు పేరు పోయి ఏదో వింత పేరు కనిపిస్తోంది, సైజు కొన్ని మెగాబైట్లంటోంది. ఫ్లాష్ చిప్పులు బాగానే ఉండి ఉంటాయి. వాటిని నడిపే కంట్రోలర్ చిప్పుకు మతి పోయింది. ఏ సమాచారం ఏ గదిలో ఉందో రాసుకున్న పట్టిక పాడైతే, గదులన్నీ నిండుగా ఉన్నా ఒక్క అక్షరం బయటికి రాదు. హార్డ్ డిస్క్ చచ్చేముందు టిక్కుటిక్కుమంటుంది, నత్తలా నడుస్తుంది, నాలుగు రోజులు సైగ చేస్తుంది. ఇది చెయ్యదు.

బాబాయి: సరే. ఆ పిల్ల పేరున్న కంపెనీది కొని ఉంటే ఇలా పోయేది కాదని నువ్వు రాసిస్తావా?

అక్క: రాసివ్వలేను.

బాబాయి: మరి?

అక్క: మీ శాఖలో తక్కువ కొటేషన్‌కే ఆర్డరన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ కొనేముందు ఏం చేసేవాళ్ళు? ఎంత నష్టం ఉండొచ్చు, నూనె ఎలాంటిది, చుట్టు రాగిదా అల్యూమినియందా, అన్నీ టెండరు కాగితంలో రాసేవాళ్ళు కాదా? సరుకు వచ్చాక పరీక్షకు పంపేవాళ్ళు కాదా?

బాబాయి: పంపకుండా ఎలా దింపుకుంటాం?

అక్క: ఆ కాగితం ఉంది కాబట్టి తక్కువ కొటేషన్ న్యాయమైంది. మీరు రాసిపెట్టుకున్న డ్రైవ్‌కు అలాంటి కాగితం ఏదీ? లోపల మూడు బిట్ల ఫ్లాషా, నాలుగు బిట్లదా? ఏ కంట్రోలర్? ఎన్ని టెరాబైట్ల రాతకు హామీ? అమ్మే పేజీలో 550 తప్ప ఏమీ లేదు. ఈ నెల దొరికిన చిప్పులు ఈ నెల వేస్తాడు, వచ్చే నెల వేరేవి వేస్తాడు. స్టిక్కరు మాత్రం అదే. ఈ కంపెనీలు ఫ్లాష్ తయారు చెయ్యవు, సంతలో దొరికింది కొని బిగిస్తాయి. మీరు కొటేషన్లు పోల్చడం లేదు బాబాయ్, స్టిక్కర్లు పోలుస్తున్నారు.

ఈ మాట బాబాయికి తగిలింది. కాసేపు ఆ పచ్చ బోర్డును అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన తగ్గుతారనుకున్నాను. నా ఫోను అడిగి తీసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, పావుగంట ఏదో చదివారు. అక్క ఈలోగా టీ పెట్టింది.

బాబాయి: అమ్మాయ్, నీ పెద్ద కంపెనీలు చేసిందేమిటి? కింగ్‌స్టన్ వాళ్ళ వీ300, మొదట ఒక రకం ఫ్లాష్‌తో పత్రికలకు ఇచ్చారు, మంచి మార్కులు పడ్డాయి. తర్వాత అదే పేరుతో నెమ్మది రకం వేశారు. 2014 నాటి గోల ఇది. 2021లో క్రూషియల్ పీ2, మూడు బిట్లది కాస్తా అదే పేరుతో నాలుగు బిట్లదైంది. అదే ఏడాది వెస్టర్న్ డిజిటల్ ఎస్‌ఎన్550, ఫ్లాష్ మార్చేసరికి పెద్ద ఫైళ్ళు రాసే వేగం సగానికి పడిపోయింది. టెండరు కాగితం వీళ్ళకు మాత్రం ఉందా?

అక్క: మీరు చెప్పినవన్నీ నిజం.

బాబాయి: మరి పేరుకు ఎక్కువ డబ్బెందుకివ్వాలి?

అక్క: పేరుకు ఇవ్వద్దు. వాళ్ళు చేసింది తప్పని పట్టుకోగలిగాం చూడండి, దానికి ఇవ్వండి. ముందు ఒక కాగితం ఉంది కాబట్టే దాన్ని దాటారని ఎవరో కొలిచి చెప్పగలిగారు. వెస్టర్న్ డిజిటల్ వాళ్ళు, ఇకమీదట ప్రకటించిన అంకెలు మారేలా సరుకు మారిస్తే మోడల్ నంబరు కూడా మారుస్తామని చెప్పాల్సి వచ్చింది. శామ్‌సంగ్ 840 ఈవో సంగతి చూడండి. అందులో పాత ఫైళ్ళు చదవడం రానురాను నెమ్మదించింది. గదిలో వోల్టేజి కాలంతో పాటు జరిగిపోవడమే కారణం, మీరన్న లీకేజీ లాంటిదే. 2014 అక్టోబరులో ఒక సవరణ ఇచ్చారు, అది చాల్లేదు, 2015 ఏప్రిల్‌లో మళ్ళీ ఇచ్చారు. మీ కాగితం మీది కంపెనీ డ్రైవ్‌కు అదే జబ్బు వస్తే ఎవరు గుర్తిస్తారు? ఎవరిస్తారు సవరణ?

బాబాయి: ఇచ్చేవాడు రేపు ఉంటాడా అన్నది ఇంకో ప్రశ్న. క్రూషియల్ అంటే మైక్రాన్. పోయిన డిసెంబరులో, అదే 2025లో, క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మడం మానేస్తున్నామని ప్రకటించారు. ఫిబ్రవరి దాకా సరుకు పంపుతామన్నారు, ఆ పైన లేదు. ఏఐ డేటా సెంటర్లకు అమ్ముకుంటే లాభమట. హైదరాబాద్‌లో అంత పెద్ద ఆఫీసున్న కంపెనీ, మనబోటివాళ్ళను వదిలేసింది.

అక్క మొహం చిన్నబోయింది. ఏళ్ళ తరబడి తక్కువ డబ్బున్నవాళ్ళకు క్రూషియల్ డ్రైవులే ఎక్కువ వేసింది తను. వారంటీ కొనసాగిస్తామని కంపెనీ చెప్పిందని మాత్రం అంది. ఈ కబురు నాకూ కష్టంగానే ఉంది. ఫ్లాష్ స్వయంగా తయారుచేసి మనకు నేరుగా అమ్మే కంపెనీలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందులో ఒక వేలు ముడుచుకుంటే, పాత లాప్‌టాప్‌ను ఇంకో ఐదేళ్ళు నడుపుకోవాలనుకునే మనిషికి మిగిలేది స్టిక్కర్ల సంతే. డేటా సెంటర్ల ఆకలికి ఫ్లాష్ ధరలు కూడా పైకి పోతున్నాయి. చవకది చాలన్న బాబాయి వాదానికి ఆ ధరలే బలం, అక్క భయానికీ అవే కారణం.

బాబాయి: అయితే తేల్చు. నువ్వైతే నాకేది వేస్తావు?

అక్క: డబ్బు సంగతి అడగనంటే శామ్‌సంగ్ 870 ఈవో, 500 జీబీది. ఫ్లాష్ వాళ్ళదే, కంట్రోలర్ వాళ్ళదే, గదికి మూడు బిట్లు. 300 టెరాబైట్ల రాతకు హామీ, ఐదేళ్ళ వారంటీ. ఆ పట్టిక పెట్టుకోవడానికి లోపల డీర్యామ్ చిప్పు వేరే ఉంది. చవక శాటా డ్రైవుల్లో అది ఉండదు. పట్టికలో ప్రతి మాటకూ ఫ్లాష్ దగ్గరికే పరుగెత్తాలి.

బాబాయి: అది నేను రాసుకున్నదాని కన్నా బాగా ఎక్కువ. ఈ లాప్‌టాప్‌ను అమ్మినా అంత రాదేమో. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ.

అక్క: అయితే ఒక మెట్టు దిగుదాం. డీర్యామ్ లేకపోయినా సర్దుకోవచ్చు, మీ పనికి తేడా తెలియదు. కానీ ఇంతకన్నా దిగనివ్వను. ఫ్లాష్ తయారుచేసే కంపెనీదో, లేదా ఏళ్ళుగా ఇక్కడ వారంటీ నిలబెట్టుకుంటున్నవాళ్ళదో అయి ఉండాలి. ఎన్ని టెరాబైట్లని కాగితం మీద ఉండాలి. మూడేళ్ళ వారంటీ, బిల్లు మీద డ్రైవ్ సీరియల్ నంబరు. 240 కాదు, 480.

బాబాయి: నేను వాడింది మొత్తం 140 జీబీ. 480 దేనికి?

అక్క: 240లో 140 అంటే అప్పుడే సగం దాటేసింది. ఖాళీ ఎంత ఉంటే డ్రైవ్ అంత తేలిగ్గా ఊపిరి తీసుకుంటుంది. ఆ ఒక్క బిట్ ఉపాయానికి చోటుంటుంది, రాతలు ఎక్కువ గదులకు పంచుకుంటుంది. రాత హామీ కూడా దాదాపు సైజుతోపాటే పెరుగుతుంది, ఏ400లోనే 240కి 80 అయితే 480కి 160. 120 జీబీవి ఇంకా అమ్ముతున్నారు, వాటి జోలికి మాత్రం పోవద్దు.

బాబాయి: ఎం.2 అని పుల్లలా సన్నగా ఉండేవి చూశాను. అవి ఇంకా వేగమట.

అక్క: మీ దాంట్లో ఆ గాడి లేదు. మీది రెండున్నర అంగుళాల పెట్టెలు పట్టే లాప్‌టాప్. గాడి ఉన్నవాళ్ళు కూడా అది శాటా గాడో ఎన్‌వీఎంఈ గాడో చూడకుండా కొని, వారం తిరక్కుండా నా దగ్గరికి వస్తుంటారు.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో కంపెనీ సాయం ఆగిపోయిందనీ, 11 ఈ ప్రాసెసర్ మీద అధికారికంగా నడవదనీ, లినక్స్ మింట్ వేస్తాననీ అక్క అంది. తెలుగు టైపింగ్ ఉంటే ఏదైనా ఒకటేనన్నారు బాబాయి. అందులో పేచీ రాలేదు. పేచీ మళ్ళీ మొదలైంది బ్యాటరీ దగ్గర.

అక్క: బాబాయ్, దీని బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది?

బాబాయి: నిలవదు. పోయి మూడేళ్ళైంది. ప్లగ్గు పీకితే ఆరిపోతుంది. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచుతాగా.

అక్క: కరెంటు పోతే?

బాబాయి: ఠపీమని ఆగిపోతుంది. మళ్ళీ వచ్చాక వేసుకుంటా.

అక్క: అదే నాకు భయం. డ్రైవ్ తన పట్టిక మార్చి రాసుకునే క్షణంలో కరెంటు పోయిందనుకోండి. కంపెనీల సర్వర్లలో వాడే ఖరీదైన ఎస్‌ఎస్‌డీల్లో అందుకోసమే కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయినా చేతిలో ఉన్న రాత ముగించేటంత ఛార్జి వాటిలో నిలవ ఉంటుంది. మనం కొనేవాటిలో ఉండవు. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుందన్న ధైర్యంతో చేసిన సరుకు అది. మీ దాంట్లో ఆ ధైర్యం లేదు.

బాబాయి లేచి నిలబడ్డారు. ఈ విషయం ఆయనకు పుస్తకంలోది కాదు. ఫీడరు ట్రిప్పయినప్పుడు ఏ ఇంట్లో ఏ సామాను పోతుందో ముప్పై ఏళ్ళు విన్న మనిషి.

బాబాయి: చూశావా, నా మాటకే వచ్చావు! డబ్బంతా డ్రైవ్ మీద పోయకు. చవక డ్రైవ్ తీసుకో, మిగిలిన డబ్బుతో బ్యాటరీ వేయించు, ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించు. ర్యామ్ చాలకే కదా ఇది అస్తమానం డిస్క్ మీద రాసేది? ఖరీదైన డ్రైవ్ చచ్చిన బ్యాటరీతో ఉండటం కన్నా, చవక డ్రైవ్ బతికిన బ్యాటరీతో ఉండటం మేలు కాదా?

అక్క చాలాసేపు ఆలోచించింది.

అక్క: బ్యాటరీ, ర్యామ్ ముందు. ఒప్పుకుంటున్నా. అది నాకు తట్టలేదు బాబాయ్, నా షాపుకు వచ్చేవాళ్ళు డ్రైవ్ ఒక్కటే అడుగుతారు, నేనూ డ్రైవ్ ఒక్కటే చూస్తాను. కానీ మీరు కాగితం మీద రాసుకున్నది మాత్రం కాదు. నేను చెప్పిన రెండో మెట్టుది.

బాబాయి: చూద్దాం. నా మాట ఇంకా అయిపోలేదు. నువ్వే అన్నావు, ఏ డ్రైవైనా చెప్పకుండా పోవచ్చని. మంచిది పోదని రాసివ్వలేనన్నావు. వారంటీ కింద కొత్త డ్రైవ్ ఇస్తాడు, లోపలి సమాచారం ఇస్తాడా?

అక్క: ఇవ్వడు.

బాబాయి: అందుకని ఈ పాత డిస్క్ తీసి పారేయకు. యూఎస్‌బీ కేసులో పెట్టివ్వు, నాలుగైదు వందలు. నెలకోసారి అన్నీ అందులోకి కాపీ చేసుకుంటా. కొత్తది ఎప్పుడు పోయినా నాకు పోయేది డ్రైవ్ ధరే. అప్పుడు ఏది కొంటే ఏమిటి? ఇంకో చవకది కొంటా. లేకపోతే రెండు చవకవి కొని ఒకటి బీరువాలో పెడతా.

అక్క: బీరువాలో ఎస్‌ఎస్‌డీ వద్దు. ఛార్జి కారుతుందని మీరే అన్నారు. ఈ పరిశ్రమ పెట్టుకున్న కొలత ఏమిటంటే, రాత గడువంతా వాడేసిన మామూలు డ్రైవ్ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది సమాచారం నిలపాలి. కొత్త డ్రైవ్ అంతకన్నా ఎక్కువే నిలుపుతుంది. కానీ మే నెలలో ఇక్కడ ఇనప బీరువాలో ఎన్ని డిగ్రీలుంటుందో మీకు తెలుసు. ఏళ్ళ తరబడి మూసిపెట్టాలంటే హార్డ్ డిస్కే నయం.

బాబాయి: మరి అదే చెబుతున్నా కదా, ఈ పాతది.

ఈ మాట దగ్గర వాదం బాబాయి చేతికి వెళ్ళిపోయిందనే అనుకున్నాను. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటున్నాను. ప్రాణంలాంటిది రెండు చోట్ల ఉంటే, డ్రైవ్ ఎంపికలో పొరపాటు డబ్బు నష్టంతో పోతుంది. ఈ సంగతి మంచి డ్రైవ్ కొనమని చెప్పేవాళ్ళు ముందు చెప్పరు. అక్క కూడా ముందు చెప్పలేదు.

అక్క: ఇందులో అసలేముంది బాబాయ్? ఆ 140 జీబీ?

బాబాయి: ఫొటోలు. పింఛను కాగితాలు. మీ పిన్ని పాడిన పెళ్ళిపాటలు, మంగళహారతులు. పోయే ముందు ఏడాది ఫోన్లో రికార్డు చేశాను, 64 ఉన్నాయి. ఫోను మార్చాను, ఇప్పుడు ఇందులోనే ఉన్నాయి.

అక్క: ఇందులో మాత్రమేనా?

బాబాయి: ఇందులోనే.

అక్క ఏమీ అనలేదు. లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. అది లేచేదాకా ముగ్గురం ఆ చుక్కలు చూస్తూ కూర్చున్నాం. పెన్‌డ్రైవ్‌లోంచి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే చిన్న ప్రోగ్రాం నడిపింది. డిస్క్ తన ఆరోగ్యం గురించి తను రాసుకునే లెక్కలు చూపిస్తుంది అది. పైన నీలి రంగు ఉండాల్సిన చోట పసుపు రంగు వచ్చింది. తిరిగిన గంటలు 21 వేల చిల్లర. ఇంకా తేలని సెక్టార్లు అన్న వరసలో సున్నా ఉండాలి, 16 ఉంది.

బాబాయి: ఏమిటది?

అక్క: పదహారు చోట్ల చదవబోతే సరిగా రావడం లేదని డిస్క్ తనే రాసుకుంది. మీరు బీరువాలో పెడతానన్నది దీన్ని.

బాబాయి చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నా సంచిలో ఉన్న బయటి హార్డ్ డిస్క్ ఇమ్మని అక్క చెయ్యి చాపింది. అందులో చోటుందా అని కూడా అడగలేదు. మొదట ఫొటోలు కాదు, పాటలు అన్నారు బాబాయి. ఒక్కో పాట కాపీ అవుతుంటే పేరు కనిపిస్తోంది, ఆయన పైకి చదువుతున్నారు. ముప్పై ఒకటో పాట దగ్గర గీత ఆగిపోయింది. లాప్‌టాప్ లోపల టిక్కు, టిక్కు మని చిన్న శబ్దం. ఎవరం కదల్లేదు. కరెంటు పోకూడదని మాత్రం అనుకున్నాను. నిమిషం దాటాక గీత మళ్ళీ కదిలింది.

"ముప్పై రెండు," అన్నారు బాబాయి. కాసేపాగి, "ఆ కంపెనీ పేరు, నువ్వు చెప్పిన రెండో మెట్టుది, రేపు రాసివ్వమ్మా" అన్నారు.